ఆయన నీళ్లే ఆయన కొలనులో పోశాను

నా పేరు సూర్యప్రభ. భర్త పేరు రామ్‌చందర్. వయసు నలభై ఎనిమిది సంవత్సరాలు. వృత్తి రంగు చేపల పెంపకం. పుట్టి పెరిగింది హుస్సేనీ ఆలంలో. మా తాతగారు, నాన్నగారు అక్కడి గుడిలో అర్చకులు. పెళ్లయినప్పటి నుంచి ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ వెనక బస్తీలో, మా అత్తగారి ఇంట్లో ఉంటున్నాను.

నేను మాట్లాడి తీరాలన్న నిర్బంధం లేదనీ, మాట్లాడితే అది నా మీదికే రావచ్చనీ మేజిస్ట్రేటు గారు నాకు చెప్పారు. ఆలోచించుకోవడానికి సమయం ఇచ్చారు. గదిలో పోలీసులు ఎవరూ లేరు. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మా వకీలు గారు మాత్రం నిన్న ఒక మాట చెప్పారు. "బస్తీ మంచి కోసం చేసిన అని చెప్పమ్మా. జడ్జి సార్‌కు దయ కలుగుతది" అన్నారు. ఆ మాట నేను చెప్పదలచుకోలేదు. నేను పగతో చేశాను. అలాగే రాయమని కోరుతున్నాను.

మా ఇంటి వెనక స్థలంలో ఇటుకలతో కట్టిన సిమెంటు తొట్లు ఉన్నాయి. వాటి మధ్య ఒక బావి ఉంది. నా భర్త మొదట ఒక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు. ఇరవై ఏళ్ల కింద ఆ పని మానేసి చేపల పెంపకం మొదలుపెట్టారు. గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్, కోయి చేపలు పెంచాం. బార్కస్‌లో రంగు చేపల దుకాణం ఉన్న అవద్ బిన్ సాలెం అనే ఆయన మా దగ్గరే చేపలు కొనేవారు. ఆయనను మేము అవద్ భాయ్ అంటాం. నా భర్త చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో తొట్టి పక్కన కూర్చుని చూసి చెప్పేవారు. చేపపిల్లలకు మేత నేను వేసేదాన్ని. ఆ పని మాకు ఇష్టం. మాకు పిల్లలు లేరు.

మా ప్రహరీ గోడ అవతల మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. నాలుగేళ్ల కింద సోమశేఖర్ అనే ఆయన దాన్ని తీసుకున్నారు. ఈ కేసులో ఫిర్యాది ఆయనే. పాత ఫోన్లలోవి, కరెంటు ఆటోలలోవి పాడైన బ్యాటరీలు ట్రాలీలలో అక్కడికి వస్తాయి. వాటిని పగలగొట్టి, లోపలి నల్ల సరుకును మరపట్టి, కడిగి, కొత్త బ్యాటరీలలోకి పనికివచ్చే పొడి తయారుచేస్తారు. ఆ పొడి ఎంత సన్నమంటే, వేలితో ముట్టుకుంటే వేలి గీతల్లోకి దిగిపోతుంది. సబ్బుతో కడిగినా రాదు. దాన్ని నానో పొడి అంటారని ఆయనే మాకు చెప్పారు. గేటు మీద బోర్డుకు ఆకుపచ్చ రంగు వేయించి, ఒక ఆకు బొమ్మ కూడా గీయించారు.

మొదట్లో సోమశేఖర్ మాతో బాగానే ఉండేవారు. సాయంత్రం చాయ్ తాగడానికి మా ఇంటికి వచ్చేవారు. నా భర్తను అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవారు. చాంద్రాయణగుట్ట వైపు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు వరండా పక్కన కొలను కట్టించారు. కొలనులోకి చేపలు కావాలని అడిగితే, నా భర్త ఎనిమిదేళ్లుగా పెంచుతున్న పదకొండు కోయి చేపలను తీసుకువెళ్లి వదిలారు. వాటిని అమ్మడానికి ఆయనకు అంతవరకు మనసు రాలేదు. వాటిలో ఒకదానికి నుదుటి మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. అది నా భర్త అరచేతిలో మూతి పెట్టి మేత తినేది. "ఇక్కడ తొట్ల ఇరుకుగున్నయ్ ప్రభా. గక్కడ పెద్ద కొలను. మంచిగ తిరుగుతయ్" అన్నారు. నెలకోసారి వెళ్లి కొలను శుభ్రం చేసి వచ్చేవారు.

ఫ్యాక్టరీలో పొడి కడిగిన నీళ్లు ఒక పైపు ద్వారా గోడ బయట కాలువలోకి వస్తాయి. ఆ కాలువ మా బావి పక్క నుంచే పోతుంది. నిరుడు ఆగస్టులో వానలు గట్టిగా పడ్డాయి. కాలువ పొంగి మా పెరట్లోకి వచ్చి, మళ్లీ తీసింది. బావి నీళ్లు చూడటానికి తేటగానే ఉన్నాయి. వాసన లేదు. నా భర్త తొట్లలో నీళ్లు మార్చారు. వానాకాలంలో చేపలకు బూజు రోగం రాకుండా ఎప్పుడూ వేసే నీలి మందు వేశారు. తొట్టికి రెండు చుక్కలు. ఎప్పుడూ వేసేది అంతే.

మరునాడు పొద్దున చేపపిల్లలు చచ్చాయి. తొట్టి అడుగున బియ్యం గింజలు పోసినట్టు కనిపించాయి. ఆ తరువాత మోలీలు. గోల్డ్‌ఫిష్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉండిపోయాయి. చేప అలా చేస్తే గాలి అందడం లేదని అర్థం. నా భర్త గాలి మోటార్లు ఇంకా రెండు పెట్టారు. నీళ్లను చుక్కల మందులతో పరీక్షించారు. అన్నీ సరిగ్గానే చూపించాయి. ఒక చేపను తీసి మొప్ప ఎత్తి చూశారు. మొప్ప ఎర్రగా ఉండాలి. నల్లగా, జిగటగా ఉంది. మూడు రోజుల్లో మా తొట్లన్నీ ఖాళీ అయ్యాయి. చచ్చిన చేపలను ఆయన బకెట్లలో ఎత్తారు. ఆ వాసన ఇంట్లో నుంచి పోవడానికి చాలా రోజులు పట్టింది.

కాలుష్యం సంగతులు చూసే ఆఫీసులో మేము అర్జీ పెట్టుకున్నాం. సెప్టెంబరులో ఒక అధికారి వచ్చి కాలువ నీటిలో యంత్రం ముంచి చూశారు. ఆయన చూడవలసినవి చూశారు. వాటి ప్రకారం నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన యంత్రం ఆ పొడి కోసం చూసేది కాదు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఆ రోజు బస్తీవాళ్లు చాలామంది గోడ దగ్గర చేరారు. సోమశేఖర్ అందరి ముందూ నా భర్తను అడిగారు. "అన్నా, చేపలు సచ్చే ముంగట తొట్లల్ల ఏమన్న మందు వేసినవా?"

"నీలి మందు. రెండు చుక్కలు" అన్నారు నా భర్త.

"రెండా, ఇరవయ్యా?"

కొందరు నవ్వారు. సోమశేఖర్ అధికారి వైపు తిరిగి, "మా నీళ్లు శుద్ధి చేసే ఇడుస్తం సార్. ఆ నీళ్లల్ల చేపలు పెంచుకోవచ్చు. కావాలంటే రాసిస్త. అన్న చేతిల బర్కత్ పోయింది, గంతే. నష్టపరిహారం కోసం సొంత చేపలనే సంపుకున్నడని నేను అంటలేను గని, బస్తీల అనుకుంటున్నరు" అన్నారు. అన్నట్టే రాసి ఇచ్చారు కూడా.

బస్తీలో ఎవరూ అలా అనుకోలేదు. ఆయన అన్న తరువాత అనుకున్నారు.

నేను చేపల గురించి పగ పెట్టుకోలేదు. చేపలు చస్తాయి. మా తొట్లలో అంతకుముందు కూడా చచ్చాయి. నేను పగ పెట్టుకున్నది ఆ తరువాత మా ఇంట్లో జరిగినదాని గురించి. నా భర్త ఆ మాట నమ్మారు. తన చెయ్యే తప్పు చేసిందని నమ్మారు. రోజూ పొద్దున గ్లాసులో నీళ్లు పోసుకుని, నీలి మందు సీసా తెచ్చుకుని చుక్కలు వేసేవారు. "రెండే పడ్డయి. చూడు ప్రభా, రెండే" అనేవారు. గ్లాసు పారబోసి మళ్లీ నింపేవారు. "చెయ్యి వణికిందేమో. నాకు యాది లేదు" అనేవారు. మా గిన్నెలు కడిగే రాయి నీలంగా అయిపోయింది. ఆదివారం సంతకు పోవడం మానేశారు. అవద్ భాయ్ వచ్చి పిలిస్తే, "నేను అమ్మిన చేపలు కూడ సస్తయ్ భాయ్. నా దగ్గర కొనకు" అన్నారు. అవద్ భాయ్ వాకిట్లో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. తరువాత నా భర్త అన్నం తానుగా కలుపుకోవడం కూడా మానేశారు. నేను కలిపి పెడితే తినేవారు. చేతులను లుంగీ కింద దాచుకుని కూర్చునేవారు.

నవంబరులో సంహిత గారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ ఒక విశ్వవిద్యాలయంలో నీటి జీవుల మీద పరిశోధన చేస్తారు. వాళ్ల నాన్నగారు ఉద్యోగం మీద రాజమండ్రి వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారట. ప్రయోగాలకు చారల చేపలను మా దగ్గరే కొనేవారు. ఖాళీ తొట్లు చూసి, సంగతి విని, మా బావి నీళ్లూ కాలువ పైపు దగ్గరి నీళ్లూ సీసాలలో పట్టుకుపోయారు. కొన్నాళ్లకు నన్ను తన ప్రయోగశాలకు పిలిచారు. నా భర్తను కూడా రమ్మన్నారు. ఆయన రాలేదు.

సంహిత గారు గది చీకటి చేసి, మంచినీళ్ల గ్లాసులోంచి టార్చి వెలుగు పంపారు. ఏమీ కనిపించలేదు. మా బావి నీళ్లలోంచి పంపారు. నీటి మధ్య పొగలాగా తెల్లటి దారి కనిపించింది. "చూశారా అండీ, నీళ్లు తేటగా ఉన్నాయని మనం అనుకుంటున్నాం. లోపల పొడి తేలుతూనే ఉంది. గుడ్డలో వడగట్టినా, ఇసుకలో వడగట్టినా పోదు" అన్నారు.

తరువాత మైక్రోస్కోపులో డాఫ్నియా అనే నీటి పురుగును చూపించారు. అది ఆవగింజ కంటే చిన్నది. మేము చేపపిల్లలకు మేతగా వేసేది కూడా దాన్నే. దాని ఒళ్లు అద్దంలాగా ఉంటుంది, లోపల పేగు కనిపిస్తుంది. "ఇది నాచు తింటుంది కాబట్టి కడుపు పచ్చగా ఉండాలి. దీనికి నల్లగా ఉంది చూడండి. పొడిని మేత అనుకుని మింగేసింది. ఇక వేరే మేత తినలేదు. ఆ పొడిలోంచి నికెలు, కోబాల్టు కొద్దికొద్దిగా కరిగి దాని ఒంట్లోకి దిగుతాయి. పిల్లలు ముందు పోతాయి. చేపలకైతే మొప్పల మీద పొరలాగా పట్టేస్తుంది. నీటిలో గాలి ఉన్నా పీల్చుకోలేవు" అన్నారు.

నేను ఒకటే అడిగాను. "నీలి మందు వల్ల గిట్ల అయితదా అమ్మా?"

"అవదండీ. నేను దాన్ని కూడా వేసి చూశాను. రెండు చుక్కలు కాదు, పది చుక్కలు వేసినా మీ చారల చేపలు హాయిగా తిరుగుతున్నాయి" అన్నారు.

నేను ఆ ప్రయోగశాలలో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. సంహిత గారు కాగితం రాసి ఇస్తానన్నారు. కానీ నీళ్లు అధికారులు సీలు వేసి తీసినవి కావు కాబట్టి అది చెల్లకపోవచ్చని కూడా ముందే చెప్పారు. అలాగే జరిగింది. సంబంధిత ఆఫీసులో ఆ కాగితం తీసుకున్నారు గానీ, ఈ పొడికి ఇంత మించకూడదన్న హద్దు ఏదీ లేదని చెప్పి పంపారు.

ఇంటికి వచ్చి నా భర్తకు అంతా చెప్పాను. ఆయన విన్నారు. "సంహితమ్మ మంచి పిల్ల. నా మనసు నొచ్చుకోవద్దని గట్ల చెప్పింది" అన్నారు.

అప్పుడు నేను సోమశేఖర్ దగ్గరికి వెళ్లాను. డిసెంబరు మొదట్లో, ఫ్యాక్టరీలో ఆయన గదిలో. ఆయన ఒక్కరే ఉన్నారు. నేను ఏమడిగానో ఆయన తన ఫిర్యాదులో రాయలేదు. నేను నష్టపరిహారం అడగలేదు. ఫ్యాక్టరీ మూయమని అడగలేదు. "నువ్వు ఒక్కసారి మా ఇంటికి రా. ఆయన ముంగట కూసొని, 'అన్నా, నీ చేతి తప్పు కాదు' అను. గంతే. నేను ఎవ్వరికీ చెప్పను. మల్ల ఆఫీసులకు తిరగను" అన్నాను.

ఆయన నన్ను కూర్చోమనలేదు. "గట్ల ఎట్ల అంట వదినా? ఆ మాట అంటే నా మీదికొస్తది" అన్నారు.

"ఎవ్వరికీ చెప్పనంటున్న గద."

"ఇయ్యాల చెప్పవు. రేపు చెప్తవు." ఫోను తీసుకుని చూస్తూ, "అన్నకు వయసైంది వదినా. డాక్టరుకు చూపియ్యి" అన్నారు.

ఆయన మీద పగ తీర్చుకోవాలని నేను అక్కడే, ఆ గదిలో నిలబడి ఉండగానే అనుకున్నాను. ఎలాగో అప్పటికి తెలియదు. తెలిసేదాకా నేను తొందరపడలేదు. ఆ రెండు నెలలూ వంట చేశాను, నా భర్తకు అన్నం కలిపి పెట్టాను, గుడికి వెళ్లాను. గుడిలో దేవుడిని ఏం కోరుకున్నానో ఇక్కడ చెప్పను.

ఫిబ్రవరిలో ఒక సంస్థ సోమశేఖర్‌కు పర్యావరణానికి మేలు చేసినందుకు సన్మానం చేసింది. ఆ సంతోషంలో ఆయన ఒక శుక్రవారం మధ్యాహ్నం తన ఇంట్లో విందు పెట్టుకున్నారు. ఆ సంగతి బస్తీలో అందరికీ తెలుసు. ఆ పొద్దున నేను ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కాలువ పైపు దగ్గర పెట్టి నింపాను. ఫ్యాక్టరీ వాచ్‌మన్ డానియేలు నన్ను చూశాడు. "ఎందుకమ్మా ఈ నీళ్లు? చేతులకు తగలనియ్యకుండ్రి" అన్నాడు. తన అరచేతులు చూపించాడు. చర్మం పగిలి, పగుళ్ల నిండా నలుపు ఉంది. అతను మంచివాడు. నేను ఆ నీళ్లు ఎక్కడ పట్టానో అడిగితే అతను చూసింది చెబుతాడు. దాని కోసం అతని పని పోకుండా చూడాలని కోరుతున్నాను.

అవద్ భాయ్‌ని ట్రాలీ ఆటో తెమ్మన్నాను. ఆయన డ్రమ్ము చూసి, "ఏ పానీ కాయ్‌కు భాభీ?" అని అడిగారు.

"కొలనుకు భాయ్" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. కొలను శుభ్రం చేయడానికే వెళుతున్నాం అనుకున్నారు. ఆయనకు నా మనసులో ఉన్నది తెలియదు. ట్రాలీని సోమశేఖర్ ఇంటి ముందు, కొలను పక్క గోడకు ఆనించి పెట్టి, నమాజుకు వేళ అయిందని ఆయన మసీదుకు వెళ్లారు. జరిగినప్పుడు ఆయన అక్కడ లేరు. ఆయన పేరు ఈ కేసులో నుంచి తీసేయాలి.

గేటు దగ్గర మనిషి నన్ను గుర్తుపట్టి లోపలికి పంపాడు. నేను డ్రమ్ముకు తగిలించిన పైపు కొసను గోడ మీదుగా కొలనులో వేశాను. కొసకు కొంచెం ఇవతల పైపుకు ఉన్న కుళాయి మీద చెయ్యి పెట్టి సోమశేఖర్‌ను పిలిచాను. ఆయన కొందరు అతిథులతో వరండాలోకి వచ్చారు. ఒకాయన చేతిలో అన్నం పళ్లెం ఉంది.

"ఏంది వదినా, ఇయ్యాల వచ్చినవ్? అన్న ఏడి?" అన్నారు.

"కొలనుకు నీళ్లు తెచ్చిన" అన్నాను. "నీ ఫ్యాక్టరీ పైపు కాడ పట్టిన నీళ్లే. ఈ నీళ్లల్ల చేపలు పెంచుకోవచ్చని అందరి ముంగట అంటివి. రాసిస్తివి. అవునా, కాదా?"

ఆయన అతిథుల వైపు చూసి నవ్వారు. "అవును, శుద్ధి చేసిన నీళ్లే. గని ఇప్పుడెందుకు లొల్లి?"

"లొల్లి ఏం లేదు. మంచి నీళ్లే గద, పోస్తున్న."

నేను కుళాయి తిప్పబోయాను. అప్పుడు ఆయన మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు. చెప్పులు కూడా వేసుకోలేదు. "ఆపు వదినా. పొయ్యకు. చేపలు సస్తయ్" అన్నారు.

ఆ మాట అక్కడున్న అందరూ విన్నారు. పళ్లెం పట్టుకున్న ఆయన తినడం ఆపారు.

మేజిస్ట్రేటు గారు ఇక్కడ సరిగ్గా రాసుకోవాలి. నాకు కావలసిన మాట అప్పటికే సోమశేఖర్ నోటి నుంచి వచ్చేసింది. ఎవరూ బలవంతం చేయకుండా, పదిమంది ముందు వచ్చింది. నేను అక్కడ ఆగి ఉంటే న్యాయం కోసం వచ్చినదాన్ని అయ్యేదాన్ని. నేను ఆగలేదు.

సోమశేఖర్ నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక, "అవి నీ మొగడు పెంచిన చేపలు. ఆయన మొఖమన్న చూడు" అన్నారు. నేను కుళాయి తిప్పాను.

నుదుటి మీద మచ్చ ఉన్న చేప ముందు వచ్చింది. మనిషి గట్టు మీద నిలబడితే మేత వేస్తారని దానికి అలవాటు. పైపు కొస దగ్గర మూతి పెట్టి ఆ నీళ్లు తాగింది. నేను చూశాను. కళ్లు తిప్పుకోలేదు. సోమశేఖర్ కారు డ్రైవరు ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి కుళాయి కట్టేసేసరికి డ్రమ్ములో సగానికి పైగా నీళ్లు కొలనులోకి పోయాయి.

నేను పారిపోలేదు. గట్టు మీద కూర్చున్నాను. వాళ్లు కొలను నీళ్లు తోడి పోస్తూనే ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి చిన్న చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మా తొట్లలో చేసినట్టే చేశాయి. అవద్ భాయ్ నమాజు నుంచి వచ్చి, కొలను చూసి, నన్ను చూసి, "యా అల్లా, క్యా కరే భాభీ" అని గోడ పట్టుకున్నారు. మరునాటి పొద్దుటికి తొమ్మిది చచ్చిపోయాయని నాకు స్టేషన్‌లో చెప్పారు. నుదుటి మచ్చది కూడా పోయింది. రెండు మిగిలాయి.

సోమశేఖర్ ఆ సాయంత్రమే కోపంలో ఫిర్యాదు రాసి ఇచ్చారు. నేను "విషపు నీళ్లు" పోసి ఆయన చేపలను చంపానని రాశారు. ఆ మాట ఆయనదే, నేను రాయించలేదు. ఫిర్యాదు అందుకున్న ఎస్సై గారు సాక్షులుగా పిలిచిన పంచుల ముందు డ్రమ్ములో మిగిలిన నీళ్లకు సీలు వేశారు. కొలను నీళ్లకు వేశారు. నీళ్లు ఎక్కడివని అడిగితే చెప్పాను. వెళ్లి ఆ పైపు దగ్గరి నీళ్లకు కూడా సీలు వేశారు. చచ్చిన చేపలను ల్యాబుకు పంపారు. ఆరు నెలలు తిరిగినా మాకు దొరకని సీలు, నేను నేరం చేసిన రోజునే పడింది. ఇది జరుగుతుందని నాకు ముందు తెలుసా అని ఎస్సై గారు అడిగారు. కొంత తెలుసు. కానీ దాని కోసం చేయలేదు. సోమశేఖర్ కళ్లముందు ఆయన చేపలు చావాలని చేశాను. ఆయన ఏమీ చేయలేక గట్టు మీద నిలబడాలని చేశాను.

జామీను మీద ఇంటికి వచ్చిన రోజు నా భర్త తలుపు దగ్గర కూర్చుని ఉన్నారు. అవద్ భాయ్ ఆయనకు అంతా చెప్పారట. ఆయన నన్ను తిడతారనుకున్నాను. ఆయన నన్ను ఒక్కొక్కటే అడిగారు.

"ముందు ఏవి తేలినయ్?"

"చిన్నయి."

"నోళ్లు తెరిసినయా?"

"తెరిసినయ్."

"మొప్పలు చూసినవా?"

"నేను చూడలే. ఎస్సై సార్ చూపిస్తే పశువుల డాక్టరు చెప్పిండట. నల్లగున్నయట."

"కొలనుల ఎవరన్న నీలి మందు వేసిండ్రా?"

"లేదు."

ఆయన లుంగీ కింద నుంచి చేతులు తీసి, మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకున్నారు. "అయితే నా చెయ్యి కాదు" అన్నారు. నీ చెయ్యి కాదని నేనూ అన్నాను. ఆయన ఇంకోసారి అన్నారు. "నా చెయ్యి కాదు."

తరువాత నా వైపు చూసి, "గని నువ్వు పాపం జేసినవ్ ప్రభా. అవి ఏం జేసినయ్ నిన్ను?" అన్నారు. ఆ తొమ్మిది చేపల కోసం కోర్టు ఏ శిక్ష వేసినా తీసుకుంటాను.

మిగిలిన రెండు చేపలు కేసు సొత్తు కాబట్టి వాటిని కాపాడమని పోలీసులు అవద్ భాయ్ దుకాణంలో పెట్టారు. ఇప్పుడు నా భర్త రోజూ బార్కస్ వెళుతున్నారు. వాటికి నీళ్లు మారుస్తున్నారు. వాటిలో ఒకటి కొద్దికొద్దిగా మేత ముడుతోందట. ఆయన నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. అన్నం మాత్రం ఆయనే కలుపుకుని తింటున్నారు.

పోయిన ఆదివారం సోమశేఖర్ మా ఇంటికి వచ్చారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాననీ, రాజీ పడదామనీ అన్నారు. ఆయన వకీలు ఆ 'విషపు నీళ్లు' అన్న మాట గురించి ఆయనకు చెప్పి ఉంటాడు. సోమశేఖర్ లోపల కూర్చున్న నా భర్త వైపు తిరిగి, "అన్నా, నీ చేతి తప్పు కాదు. నేనే అప్పుడు అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నారు. డిసెంబరులో నేను నిలబడి అడుక్కున్న మాటే. అక్షరం తేడా లేదు.

నా భర్త, "నాకు తెలుసు. నువ్వు పో" అన్నారు.

సోమశేఖర్ నా వైపు చూశారు. "నువ్వన్న చెప్పు వదినా. నీకు కావాల్సింది ఇదే గద?"

"అప్పుడు కావాలె. ఇప్పుడు ఆ మాట కోర్టుల చెప్పాలె" అన్నాను. "నీ నీళ్లు మంచియైతే నేను నీళ్లల్ల నీళ్లు పోసినట్టు. నా మీద కేసు లేదు. విషమైతే నీ మీద కేసు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పాలె నువ్వు. పెద్ద గొంతుతోని, అందరి ముంగట. అప్పుడు చెప్పినట్టే." ఆయన చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. నేను పెట్టలేదు కూడా.

ఈ కేసులో రాజీకి నేను ఒప్పుకోను. ఫిర్యాది వెనక్కి తగ్గినా నేను తగ్గను. సీలు వేసిన నీళ్లను పరీక్షకు పంపాలి. పరీక్ష ఈ పొడిని చూడగలిగే చోట చేయించాలి. సంహిత గారిని సాక్షిగా పిలవాలి. ఆ మధ్యాహ్నం వరండాలో ఉన్న అతిథులను ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్లు ఏం విన్నారో అడగాలి. సోమశేఖర్ మీద నా పగ తీరలేదు. తీరిందని చెబితే అబద్ధం అవుతుంది.

నేను చెప్పింది రాసి, నాకు తెలుగులో చదివి వినిపించారు. కుళాయి తిప్పిన చోట "ఆవేశంలో" అని ఒక మాట ఉంటే కొట్టివేయించి, పక్కన పొడి అక్షరాలతో సంతకం చేశాను. నేను ఆవేశంలో చేయలేదు, ఆలోచించుకునే చేశాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నిజం కానిది లేదు.

(సంతకం)
సూర్యప్రభ